నైట్ హాల్టు బస్సు, దొనకొండ టోకెను

అప్పట్లో పొదిలి నుంచి ఎటు పోవాలన్నా బస్సే. తూర్పున ఒంగోలుకి, పడమర మార్కాపురానికి, ఉత్తరాన దర్శికి, దక్షిణాన కనిగిరికి రోడ్లుండేవి గానీ పట్టాలుండేవి కావు. మద్రాసు–బెజవాడ పెద్ద లైను ఒంగోలు మీదుగా పోయింది. గుంటూరు–గుంతకల్లు మీటరు గేజి లైను దొనకొండ, మార్కాపురం రోడ్డు స్టేషన్ల మీదుగా పోయింది. ఆ రెండు లైన్లకీ నడుమ, మెట్ట చేలల్లో కంది, మిరప, పొగాకు పండించుకుంటూ మా తాలూకా ఉండేది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మాది నెల్లూరు జిల్లా. జిల్లా మారింది గానీ రైలు రాలేదు.

అందుకని మా ఈడు పిల్లలకు ప్రయాణమంటే ముందు బస్సు, ఆ తర్వాతే రైలు. దేశంలో రైలు పట్టాల మీదికి సర్కారు సంస్థలనూ ప్రైవేటు సంస్థలనూ పోటీకి రానివ్వాలా అనే చర్చ ఎప్పుడు నడిచినా నాకు మొదట గుర్తొచ్చేది పొదిలి బస్టాండు, ఆ తర్వాత దొనకొండ స్టేషను. ఒకే దారి మీద సర్కారు బండీ సొంతదారు బండీ తిరిగితే జనానికి ఏం ఒరుగుతుందో, ఏం పోతుందో మొదటి చోట చూశాను. పట్టాల మీద ఆ పోటీ ఎందుకు వేరుగా ఉంటుందో రెండో చోట తెలిసింది.

ఎర్ర బస్సు ఆర్టీసీది. రంగురంగుల బస్సు షావుకారుది. అప్పటికే పెద్ద రూట్లు చాలావరకు ఆర్టీసీ చేతికి పోయినా, పల్లెల వైపు కొన్ని దారుల్లో రెండూ తిరిగేవి. ప్రైవేటు బస్సు ముందు అద్దం మీద దేవుడి పేరు, లోపల డ్రైవరు పక్కన పటం, దానికి బంతిపూల దండ, ఊదొత్తి వాసన. క్లీనరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, బస్సు రేకును అరచేత్తో చరుస్తూ, దారిలో వచ్చే ఊళ్ల పేర్లన్నీ ఒక్క గుక్కలో పిలిచేవాడు. చేనుగట్టు మీద నిలబడి ఎవరు చెయ్యెత్తినా ఆపేవారు. పాలక్యాను, మేకపిల్ల, నాగలి కర్రు, పెళ్లివారి అరటిగెలలు, మిరపకాయల బస్తాలు, అన్నీ టాపు ఎక్కేవి. బస్తాల ఘాటుకు బస్సంతా తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ పోయేవాళ్లం.

అమ్మకు ఆ బస్సే ఇష్టం. "వాళ్లు మనిషిని చూసి ఆపుతారు. చంకలో బిడ్డ ఉంటే దించి చేతికిస్తారు" అనేది. నిజమే. చిల్లర లేకపోతే రేపు ఇమ్మనేవాళ్లు. ఏ ఇంటి మనిషి ఏ బస్సుకు పోతుందో క్లీనరుకు తెలుసు. ముసలమ్మ రాలేదంటే ఇంటి ముందు హారను కొట్టి అడిగేవాడు. పోటీ ఉన్నచోట ప్రయాణికుడికి మర్యాద దొరుకుతుందన్న మాటను నేను ఏ పుస్తకంలోనూ చదవక ముందే, అమ్మ చీరకొంగు పట్టుకుని ఆ ఫుట్‌బోర్డు ఎక్కుతూ తెలుసుకున్నాను.

కానీ ఆ బస్సు నిండితేనే కదిలేది. ఇంజను స్టార్టు చేసి రెండు గజాలు ముందుకు పోనిచ్చి, మళ్లీ వెనక్కి తెచ్చి నిలిపేవాడు. బండి పోతోందనుకుని టీ కొట్టు దగ్గరున్నవాళ్లు గ్లాసులు పడేసి పరుగెత్తుకొచ్చి ఎక్కాలని. అట్లా రెండు మూడు సార్లు జరిగాక గానీ నిజంగా బయలుదేరేది కాదు. వెనక ఎర్ర బస్సు టైము దగ్గర పడుతుంటే మాత్రం ఒక్కసారిగా తొందర పుట్టేది. ముందు ఊళ్లో నిలబడి ఉన్న జనాన్ని ముందుగా ఎక్కించుకోవాలి కదా. అప్పుడు డ్రైవరుకు గుంతా కనపడేది కాదు, వాగూ కనపడేది కాదు. సీటు కమ్మీ పట్టుకుని నాయన నన్ను మోకాళ్ల మధ్య బిగించి కూర్చునేవాడు.

ఒక సాయంత్రం బాగా గుర్తు. వానకారు. ఒక ప్రైవేటు బస్సులో అమ్మమ్మ వాళ్లూరికి పోతున్నాం. సంత రోజు కాదు, జనం పలచగా ఉన్నారు. సగం దారి పోయాక, ఇక ముందు ఊళ్లల్లో ఎక్కేవాళ్లు ఉండరని కండక్టరూ డ్రైవరూ మాట్లాడుకున్నారు. కూడలి దగ్గర బండి ఆపి, మిగతా దూరానికి డబ్బులు లెక్కకట్టి ఎవరివి వాళ్లకు తిరిగిచ్చి, మమ్మల్ని దించేసి బస్సును వెనక్కి తిప్పుకున్నారు. ఒక్క పైసా తక్కువ ఇవ్వలేదు. చీకటి పడుతోంది, తుంపర పడుతోంది, మేం బురదలో నడుస్తున్నాం. నేను ఆ బస్సువాణ్ణి తిట్టబోతే నాయన వద్దన్నాడు. "వాడి డీజిలు వాడు చూసుకున్నాడు. ఇద్దరు ముగ్గురి కోసం బండి తోలితే వాడికేం మిగులుద్ది? వాడు తిరిగిపోతే ఎందుకు పోయినావని అడిగేవాడు ఉండాల. అడిగేవాడు లేకపోవడం అసలు తప్పు" అన్నాడు.

అదే ఊరికి రాత్రిపూట ఎర్ర బస్సు వచ్చేది. నైట్ హాల్టు బస్సు. చీకటి పడ్డాక ఊరి చివర దాని లైట్లు కనపడగానే పిల్లలం రచ్చబండ దగ్గరికి ఉరికేవాళ్లం. ఒక్కోరోజు బస్సులో నుంచి నలుగురు కూడా దిగేవాళ్లు కాదు. అయినా వచ్చేది. కండక్టరు ముందు దీపం కింద కూర్చుని టికెట్ల ట్రే ఒళ్లో పెట్టుకుని, ఏ రంగు టికెట్టు ఏ నంబరు దాకా తెగిందో వేబిల్లు కాగితం మీద ఎక్కించేవాడు. వేళ్లకు కార్బను మరక. తోలు సంచిలోని డబ్బులు దుప్పటి మీద పోసి, బిళ్లలు వేరు, నోట్లు వేరు చేసి లెక్క సరిపోయాకే అన్నం తినేవాడు. ఆ అన్నం ఊళ్లో ఎవరో ఒకరి ఇంటి నుంచి వచ్చేది. అమ్మమ్మ పచ్చిపులుసూ జొన్నరొట్టే గిన్నెలో పెట్టి నా చేత పంపేది. డ్రైవరు సీట్ల మధ్య జంపఖానా పరుచుకుని పడుకునేవాడు.

తెల్లవారుజామున కోడి కూసే వేళకు ఇంజను మోగేది. ఆ బస్సుకే పొదిలిలో చదువుకునే పిల్లలు పుస్తకాలు, క్యారియర్లు పట్టుకుని వచ్చేవాళ్లు. ఒంగోలు ఆసుపత్రికి పోవాల్సిన వాళ్లు, వాయిదాకు కోర్టుకు పోయేవాళ్లు, పొగాకు బ్యారన్ల దగ్గర కూలికి పోయేవాళ్లు ఎక్కేవాళ్లు. గుంటూరు యార్డుకు లారీ మీద టిక్కీలు పంపించి, తూకం వేళకు తామూ అక్కడ ఉండాలని మిరప రైతులు బయలుదేరేవాళ్లు. నాయనా అట్లానే పోయేవాడు. కాటా దగ్గర లేనివాడి సరుకుకు ధర ఎవరు మాట్లాడతారు? నొప్పులు మొదలైన గర్భిణి ఉన్న ఇంట్లో ఆ రాత్రి కాస్త ధైర్యంగా ఉండేవాళ్లు, బస్సు ఊళ్లోనే ఉందని. ఆ బస్సు కలెక్షను లెక్క చూస్తే ఎప్పుడూ నష్టమే అయివుంటుంది. ఆ ఊరి లెక్కలో మాత్రం అంతకన్నా విలువైన బండి లేదు.

ఆర్టీసీ పుట్టుకకూ రైలుకూ సంబంధం ఉందని పెద్దయ్యాక తెలిసింది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. ఆ మొలకే పెరిగి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అయింది. ఆ వెంటనే కోస్తా జిల్లాల్లో రూట్ల జాతీయం మొదలైంది. కృష్ణా జిల్లా బస్సుల యజమానులు ఎదురు తిరిగారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు పేరుతో సుప్రీంకోర్టుకు పోయిన ఆ కేసులో 1958 నవంబరు 5న తీర్పు వచ్చింది.

ఆ తీర్పులో నాకు నచ్చే సంగతి ఒకటుంది. రూట్లను ఆర్టీసీకి ఇచ్చే పథకం మీద ప్రైవేటు యజమానుల అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి. పథకం వెనక ఉన్నదీ ఆ శాఖే. తగువులో ఒక పక్షమైనవాడే తగువు తీర్చే పెద్దగా కూర్చోవడం సహజ న్యాయానికి విరుద్ధమని, విన్నది ఒకరైతే నిర్ణయం మరొకరు చేయడం కూడా సరికాదని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఎక్కువమంది న్యాయమూర్తుల తరఫున ఆ తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. జాతీయం చేయడమే తప్పని ఆ తీర్పు అనలేదు. విచారణ సరిగ్గా జరపమంది. ఆ తర్వాత కూడా రూట్లు జాతీయమవుతూనే వచ్చాయి. కానీ పోటీదారే తీర్పరి కాకూడదన్న నియమం మిగిలింది. రైల్వే గురించి ఈరోజు జరిగే వాదన అంతా ఈ నియమం చుట్టూనే తిరుగుతోంది.

వేసవి సెలవుల్లో దొనకొండ పోయేవాళ్లం. అమ్మ వాళ్ల అన్న అక్కడ రైల్వేలో పాయింట్స్‌మన్. బ్రిటిషు వాళ్ల కాలంలో దొనకొండ రైల్వే ఊరుగా పెరిగింది. లోకో షెడ్డు, ఎర్ర పెంకుల క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కట్టుకున్న చర్చి, వరసగా వేపచెట్లు. మీటరు గేజి ఆవిరి ఇంజన్ల బొగ్గు నుసి ఆరేసిన బట్టల మీద పడుతుండేది. అత్త రోజూ దులుపుకునేది.

మామ నన్ను స్టేషనుకు తీసుకుపోయేవాడు. ఒంటి లైను కాబట్టి రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. దానికి స్టేషను మాస్టారి గదిలో ఒక ఇనుప యంత్రం. పక్క స్టేషను గజ్జలకొండలో దాని జోడు. రెండింటినీ తీగ కలిపేది. గజ్జలకొండ వైపు బండి పంపాలంటే మాస్టారు గంట కొట్టి అడగాలి. అవతలి మాస్టారు ఒప్పుకుని తన వైపు మీట నొక్కి పడితేనే ఇక్కడ పిడి తిరిగి, బత్తాయి కాయంత ఇనుప గుండు దొర్లుకుంటూ బయటికి వచ్చేది. దాని మీద రెండు స్టేషన్ల పేర్లూ చెక్కి ఉండేవి. అదే టోకెను. ఒక గుండు బయటికొచ్చాక, అది మళ్లీ యంత్రంలో పడేదాకా రెండు స్టేషన్లలోనూ రెండో గుండు రాదు. మామ ఆ గుండును తోలు సంచిలో వేసి, సంచిని బెత్తం చట్రానికి బిగించి, ఆగకుండా పోయే గూడ్సు వస్తుంటే పట్టాల పక్కన చెయ్యి చాచి నిలబడేవాడు. ఫైర్‌మన్ పాత సంచి కిందికి విసిరి, కొత్త చట్రంలోకి చెయ్యి దూర్చి భుజానికి తగిలించుకుని పోయేవాడు. దుమ్ములో పడ్డ సంచిని తెచ్చి ఇవ్వడం నా పని.

"గుండు లేకుండా పోతే ఏమవుద్ది మామా?" అని అడిగాను ఒకసారి.

"పోకూడదురా. బండి ఎవురిదైనా కానీ, మంత్రి ఎక్కిన స్పెషలే కానీ, గుండు చేతిలో పడందే స్టేషను దాటకూడదు" అన్నాడు.

ప్యాసింజరును లూపు లైనులో నిలబెట్టి ఎక్స్‌ప్రెస్‌ను ముందు పంపడం కూడా అక్కడే చూశాను. ఒక్కోసారి గూడ్సు కోసం కూడా ప్యాసింజరు ఆగేది. కిటికీల్లో నుంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్లు. ఏది ముందు, ఏది వెనక అన్నది మాస్టారి చేతిలో కూడా లేదు. కంట్రోలు ఫోనులో చెప్పేవాళ్లు. "కంట్రోలు మాట మాకు వేదం. అందుకే కంట్రోల్లో కూర్చున్నవాడు ఎవరి పక్షానా ఉండకూడదు" అనేవాడు మామ.

రోడ్డుకూ పట్టాలకూ తేడా అక్కడుంది. రోడ్డు మీద రెండు బస్సులు పందెం వేసుకోవచ్చు, ఒకదాన్ని ఒకటి దాటుకోవచ్చు, ఒకటి ఆలస్యమైతే మరొకటి పక్క నుంచి పోవచ్చు. పట్టాల మీద ఆ వీలు లేదు. ముందున్న బండి కదలకపోతే వెనకున్న బండి ఎంత మంచిదైనా నిలబడాల్సిందే. కాబట్టి పట్టాల మీద పోటీ అంటే వేగంలోనో పిలుపులోనో జరిగే పోటీ కన్నా ముందు, దారి ఎవరికి ఎప్పుడు దొరుకుతుందన్న పోటీ. ఆ దారి ఇచ్చేవాడు నిష్పక్షంగా లేకపోతే మిగతా పోటీ అంతా ఉత్తదే.

ఆ దొనకొండ లైను చరిత్ర కూడా ఈ చర్చకు పనికొచ్చేదే. 1876–78 నాటి ధాత కరువు తర్వాత, ఎండిపోయే సీమలకు గింజలు చేరవేసేందుకు రైళ్లు వేయాలని ప్రభుత్వం తలపెట్టింది. 1880లలో పని సాగిన గుంతకల్లు–నంద్యాల–కంభం–గుంటూరు లైనుకు అప్పటి పేరు బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే. లైను సర్కారుది. దాని మీద బండ్లు నడిపింది సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. పట్టాలు ఒకరివి, బండ్లు మరొకరివి అనే ఏర్పాటు మన నల్లమల కనుమల్లో నూట ముప్పై ఏళ్ల కిందటే ఉందన్నమాట. 1908లో ఆ కంపెనీ మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేలో కలిసింది. 1944లో ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. 1951లో దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే వచ్చాయి. అయితే కంపెనీల కాలంలో ఒక లైను మీద ఒకే కంపెనీ నడిపేది. ఇప్పుడు మాట్లాడుతున్నది ఒకే పట్టాల మీద పలువురు నడపడం గురించి.

2015లో బిబేక్ దేబ్‌రాయ్ కమిటీ ఆ దారే చూపించింది. రైల్వేను అమ్మేయమనలేదు. పట్టాల బాధ్యతనూ బండ్లు నడిపే పనినీ వేరు చేయమంది, కొత్తవాళ్లను రానివ్వమంది, అందరి మీదా ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థ ఉండాలంది. 2017 ఏప్రిల్లో కేంద్ర మంత్రివర్గం అలాంటి సంస్థ ఏర్పాటుకు ఆమోదం కూడా తెలిపింది. సంస్థ మాత్రం పనిలోకి దిగలేదు.

దాని ఫలితం 2020లో కనపడింది. ఆ ఏడాది జులైలో రైల్వే శాఖ 12 క్లస్టర్లలో 109 జతల మార్గాల మీద 151 ఆధునిక రైళ్లు నడిపేందుకు ప్రైవేటు సంస్థలను పిలిచింది. 35 ఏళ్ల ఒప్పందం, 30,000 కోట్ల రూపాయల పెట్టుబడి అంచనా. మొదట్లో 15 సంస్థల నుంచి 120 దరఖాస్తులు వచ్చాయి. ధరలు చెప్పాల్సిన వేళకు, 2021 జులైలో, మిగిలింది ఇద్దరే. ఒకటి రైల్వే సొంత సంస్థ ఐఆర్‌సీటీసీ, రెండోది హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్. అదీ ఢిల్లీ, ముంబై వైపు మూడు క్లస్టర్లకే. సికింద్రాబాదు క్లస్టరును ఎవరూ అడగలేదు. దారి ఇచ్చేదీ రైల్వే, దారికి కిరాయి నిర్ణయించేదీ రైల్వే, పక్క పట్టా మీద పోటీగా బండి నడిపేదీ రైల్వే. తగువొస్తే చెప్పుకునేందుకు వేరే పెద్ద లేడు. డబ్బు పెట్టేవాడు వెనకాడడా?

కంటైనర్ల రైళ్లలో ఈ సంగతి అంతకు ముందే తేలింది. 1988లో పుట్టిన ప్రభుత్వ సంస్థ కాంకర్ ఒక్కటే నడిపే ఆ వ్యాపారంలోకి 2006లో ఇతరులను రానిచ్చారు. అన్ని మార్గాలకూ లైసెన్సు కావాలంటే 50 కోట్లు, కొన్ని మార్గాలకే అయితే 10 కోట్లు. వ్యాగన్లు ఆపరేటరువి, ఇంజనూ డ్రైవరూ పట్టాలూ రైల్వేవి. లాగినందుకు ఎంత కట్టాలో చెప్పేది కాంకర్‌కు తల్లి అయిన రైల్వేనే. చాలామంది వచ్చారు, నిలబడ్డారు కూడా. కానీ కిరాయి రేట్ల మీద ఫిర్యాదులు మొదటి నుంచీ ఉన్నాయి. 1958లో సుప్రీంకోర్టు బస్సుల విషయంలో చెప్పిన నియమాన్ని పట్టాలకు ఇంకా వర్తింపజేయలేదు.

బయటి దేశాల్లో రెండు రకాల అనుభవాలూ ఉన్నాయి. ఇటలీలో 2012 ఏప్రిల్ నుంచి ఇటాలో అనే ప్రైవేటు రైలు, సర్కారు రైలుతో అవే పట్టాల మీద పోటీ పడుతోంది. స్పెయిన్‌లో 2021లో ఫ్రాన్సు రైల్వే వారి ఉయిగో, 2022లో ఇర్యో దిగాయి. సర్కారు సంస్థ రెన్ఫే తనూ చవక బండ్లు వేసింది. మాడ్రిడ్–బార్సిలోనా లాంటి పెద్ద నగరాల మధ్య టికెట్లు చవకయ్యాయి, జనం పెరిగారు. పట్టాలు మాత్రం వేరే ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉన్నాయి. బ్రిటన్ 1993 చట్టంతో పట్టాలను కూడా రైల్‌ట్రాక్ అనే కంపెనీకి అప్పగించింది. 2000 అక్టోబరులో హాట్‌ఫీల్డ్ దగ్గర బీటలిచ్చిన పట్టా విరిగి నలుగురు చనిపోయారు. మరుసటి ఏడాదే ఆ కంపెనీ కూలిపోయింది. పట్టాలు మళ్లీ ప్రజల చేతికి వచ్చాయి. 2024లో చేసిన చట్టంతో ఇప్పుడు ప్యాసింజరు రైళ్లను కూడా ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటున్నారు.

ఇవన్నీ పెద్ద నగరాల కథలు. నా మనసు ఎప్పుడూ నైట్ హాల్టు బస్సు దగ్గరే ఆగుతుంది. మన దేశంలో సగటున 100 రూపాయల ఖర్చయ్యే రైలు ప్రయాణానికి ప్రయాణికుడు ఇచ్చేది 54 రూపాయలేనని రైల్వే మంత్రి 2024లో పార్లమెంటుకు చెప్పారు. ఆ లోటును పూడ్చేది ప్రధానంగా గూడ్సు రాబడి. బొగ్గు, సిమెంటు, ఎరువుల మీద వచ్చే డబ్బులో కొంత, గజ్జలకొండలో ప్యాసింజరు ఎక్కే కూలీ టికెట్టులో కలుస్తోంది. రేపు లాభం వచ్చే గూడ్సు మార్గాలనూ ఏసీ బోగీల జనాన్నీ కొత్తవాళ్లు పంచుకుంటే, ఆ కూలీ టికెట్టులో పడే సగం ఎవరు వేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తలుపులు తెరిస్తే, కూడలిలో మమ్మల్ని దించి వెనక్కి తిరిగిన బస్సు లాగే అవుతుంది. ఎవరూ మోసం చేయరు, ఎవరి డబ్బులు వాళ్లకు ఇస్తారు, చీకట్లో నడవాల్సింది మాత్రం పల్లె మనిషే.

అందుకు తలుపులు మూసుకోవాలని నేను అనను. అమ్మ మెచ్చుకున్న ఆ మర్యాద పోటీ వల్లే వచ్చింది. జవాబు కూడా మన బస్టాండులోనే ఉంది. ఆర్టీసీలో అద్దె బస్సులున్నాయి. బస్సూ డ్రైవరూ యజమానివి. రూటు, టైము, టికెట్టు ధర, కండక్టరు ఆర్టీసీవి. జనం ఎక్కినా ఎక్కకపోయినా, తిరిగిన కిలోమీటర్లకు యజమానికి డబ్బులు వస్తాయి. అందుకని ఆ డ్రైవరు ఎవరితోనూ పందెం వేయడు, సగం దారిలో తిరిగిపోడు. ఎవరు తక్కువ ధరకు మంచి బస్సు పెడతారన్న పోటీ టెండరులో ముందే అయిపోతుంది. 1996 నుంచి జర్మనీలో ప్రాంతీయ రైళ్లను రాష్ట్రాలు నడిపించుకునేది దాదాపు ఇట్లాగే. కేంద్రం డబ్బు ఇస్తుంది, ఏ లైనులో రోజుకు ఎన్ని బండ్లు కావాలో రాష్ట్రం రాసిపెడుతుంది, నడపడానికి సర్కారు సంస్థా ప్రైవేటు సంస్థలూ టెండరు వేస్తాయి.

కాబట్టి నేను కోరేది ఇది. పెద్ద నగరాల మధ్య ఎవరైనా సొంత రైలు నడుపుకోనివ్వండి, పోటీ పడనివ్వండి. చిన్న లైన్ల మీద పోటీ టెండరులో జరగాలి, బండి మాత్రం ఒప్పందంలో రాసిన టైముకు రావాలి, దాని నష్టానికి డబ్బు బడ్జెట్టులో పేరుపెట్టి చూపాలి. పట్టాలూ సిగ్నళ్లూ కంట్రోలూ ప్రజల చేతిలోనే ఉండాలి. దారి ఇచ్చే విషయంలో తగువు తీర్చేది రైల్వేకు చెందని సంస్థ కావాలి. ఎవరి బండి ఎక్కినా ఒకే టికెట్టు చెల్లాలి.

ఇది మాకు దూరపు చర్చ కాదు. నడికుడి–శ్రీకాళహస్తి లైను 2011–12లో మంజూరైంది. పిడుగురాళ్ల, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వెంకటగిరి మీదుగా 309 కిలోమీటర్లు. ఖర్చులో సగం రాష్ట్రానిది, భూమి కూడా రాష్ట్రమే ఇవ్వాలి. పనులు ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా సాగుతున్నాయి. పూర్తయితే మద్రాసు వైపు నుంచి హైదరాబాదు వైపు పోయే గూడ్సులకు ఇంకో దారి దొరుకుతుంది. గ్రానైటు, సిమెంటు, ఎరువుల బండ్లు వస్తాయి, వాటిని నడపడానికి కంపెనీలూ వస్తాయి. రావాలి కూడా. ఆ రాబడి లేకుండా ఇంత పెద్ద లైను నిలబడదు.

కానీ ఆ లైను కోసం చేలు ఇచ్చిన రైతుల్లో గుంటూరు యార్డుకు తెల్లారేసరికి చేరాల్సినవాళ్లున్నారు. కనిగిరి నుంచి ఆసుపత్రికి పోవాల్సిన కిడ్నీ రోగులున్నారు, కాలేజీకి పోయే ఆడపిల్లలున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. అడగడానికి ఒక సంస్థ ఉండబట్టే, ఇవ్వమని ఆదేశించడానికి ఒక ప్రభుత్వం ఉండబట్టే అది సాధ్యమైంది. పొదిలి స్టేషనుకు మొదటి టైం టేబులు వేసే రోజున పొద్దుటి ప్యాసింజరునూ రాత్రి తిరిగొచ్చే ప్యాసింజరునూ ముందు రాయాలి. దాన్ని ఎవరు నడుపుతారో, నడపకపోతే ఎంత జరిమానా కడతారో, ఎవరికి కడతారో అదే కాగితం మీద ఉండాలి. మిగిలిన దారిని ఎంతమందికి పంచినా మా అభ్యంతరం లేదు.